ఎర్ర కర్ర వచ్చేదాకా

చల్లపల్లి వెళ్ళే దారిలో ఏటి మీద ఒక ఇరుకు వంతెన ఉండేది. ఒక్క బండి మాత్రమే పట్టేది. మధ్యలో వంపు వల్ల అవతలి గట్టు కనపడదు. అందుకని ఇవతల బాలశౌరిని, అవతల ఇశ్రాయేలును కాపలా పెట్టారు. ఇద్దరికీ కలిపి ఒకటే ఎర్ర కర్ర. అది ఏ గట్టున ఉంటే ఆ గట్టు బండ్లే కదలాలి, చివరి బండివాడు దాన్ని అవతల అప్పగించాలి. అటు బండ్లు లేకపోతే ఇశ్రాయేలే కర్ర పట్టుకుని నడిచొచ్చి ఇచ్చి, ఇటునుంచి పోయే బండెక్కి తిరిగి వెళ్ళేవాడు. కర్ర లేకుండా బండే కాదు, మనిషి కూడా అడుగు పెట్టకూడదు. పక్కకు తప్పుకునే చోటేదీ?

మునుపటి కాపలావాడు జాలిపడి ఒక రిక్షాను వదిలాడు. వంపులో లారీ ఎదురొచ్చింది. ఆ రిక్షావాడి శవాన్ని ఏట్లోంచి తీసినవాళ్ళలో బాలశౌరి కూడా ఉన్నాడు.

డెబ్బై మూడు వేసవిలో ఒక పొద్దున, అవతలికి పోతూ ఇశ్రాయేలు ఛాతీ రుద్దుకున్నాడు.

"గుండెల్లో పట్టేసినట్టుందిరా."

"రాత్రి పప్పు దట్టించావుగా అన్నా, వాయువు! ఇంత వాము నములు," అని నవ్వేశాడు బాలశౌరి. ఆ నవ్వే అతని కొంప ముంచింది.

మధ్యాహ్నం కర్ర అటు వెళ్ళింది, తిరిగి రాలేదు. బండ్లు బారులు తీరాయి, హారన్లు, తిట్లు. బాలశౌరికీ ఒళ్ళు మండింది. "చెట్టుకింద గుర్రుపెట్టి ఉంటాడు మహానుభావుడు!"

జీపులోంచి డాక్టరు అచ్యుతరామారావుగారు దిగారు.

"నేను నడిచెళ్ళి చూసొస్తానయ్యా."

"వద్దండీ. ఎదురుగా లారీ వస్తే మీరెక్కడికి పోతారండీ? కర్ర రావాల్సిందే."

ఆయన మళ్ళీ అడిగారు. బాలశౌరి చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. తను వెళ్దామంటే, వెనక ఈ జనం ఆగరు. ఎండ వాలేసరికి మాత్రం ఇశ్రాయేలు పొద్దుటి మాట గుర్తొచ్చింది. "డాక్టరుగారండీ, మీరు రండి!" అని కేకేసి, కర్రా గిర్రా మరిచి పరుగెత్తాడు.

వంపు తిరగగానే ఇశ్రాయేలు బోర్లా పడి ఉన్నాడు. తల ఇవతలి వైపుకే ఉంది. కర్ర పిడికిట్లోనే ఉంది.

డాక్టరుగారు నాడి చూశారు, చెవి ఆనించి విన్నారు. "ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. ఇప్పుడిప్పుడే పోయాడు," అన్నారు. నేను అడిగినప్పుడే పంపి ఉంటే బతికేవాడని ఆయన అనలేదు. అనుంటే బాగుండేది పాపం!

ఇశ్రాయేలు భార్య దానమ్మ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి లేచాక, బాలశౌరి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"డాక్టరుగారు వెళ్తానన్నారు వదినా. నేనే ఆపాను."

దానమ్మ అతని తల నిమిరింది.

"కర్ర రాందే నువ్వెట్టా పంపుతావయ్యా? మీ అన్నైనా పంపేవాడు కాదు."

తిట్టినా తట్టుకునేవాడే. ఆ మాటకు మాత్రం బాలశౌరి పసివాడిలా బావురుమన్నాడు.