దాలమ్మ సారె

పాతపట్నం నుంచి ఒడిశా సరిహద్దు వెంబడి నాలుగు మైళ్ళు పోతే ఒడ్డువలస వస్తుంది. ఆ ఊళ్ళో గడపలెన్ని అని పంచాయతీ ఆఫీసులో అడిగితే రిజిస్టరు వెతుకుతారు. దాలమ్మని అడిగితే వక్క నములుతూనే నూటపదిహేడని చెబుతుంది. ఏ ఇంట్లో చక్కెరజబ్బు మనిషి ఉన్నాడో, ఏ ఇంట్లో పిల్లలెక్కువో, తీపి పుచ్చుకుని కారప్పూస కోసం కూడా చెయ్యి చాపేది ఎవరో, అదంతా అడక్కుండానే చెబుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊరికి ఏ కోడలి సారె వచ్చినా ఇంటింటికీ పంచేది ఆవిడే మరి.

సారె అంటే ఏమిటో మా జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం ఒక్క ముక్క. కొత్తకోడలి పుట్టింటివాళ్ళు పిండివంటలు గంపలకెత్తి అత్తవారింటికి పంపుతారు. వాటిని అత్తవారు తలుపేసుకుని తినేస్తే మర్యాద కాదు. గడపగడపకీ వెళ్ళి, "ఫలానావారి కోడలి సారె" అని కేకేసి చేతుల్లో పెట్టాలి. ఈ పిల్లకి వెనక మనుషులున్నారని ఊరికి తెలిసేది ఆ కేకతోనే.

దాలమ్మ కేక పెడితే పక్క వీధిలో పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది. కేకే కాదు, చెయ్యి కూడా గొప్పదే. ఊళ్ళోంచి బయటికి వెళ్ళే ఆడపిల్లల సారెలు ఆవిడ చేతిమీదుగానే తయారవుతాయి. శనగపిండితో సన్నపూస తీసి, బెల్లం పాకంలో పోసి, వేడి తగ్గకముందే ఉండలు చుట్టిందంటే ఒక్కటి విడిపోదు. పాకం వేళ్ళమధ్య పట్టి చూస్తుందే తప్ప నాలుకమీద వేసుకోదు. పంచకముందు సారె ఎంగిలి చేయకూడదని ఆవిడ పట్టుదల. ఊళ్ళోకి వచ్చిన సారె పంచేటప్పుడు అడిగినవాళ్ళకల్లా ఇంకో రెండు పెట్టేస్తుంది కాబట్టి ఆవిడ నోటికి మిగిలేదేమీ ఉండదు.

ఇంతమంది సారెలు మోసిన దాలమ్మకి సారె రాలేదు.

పాలు మరవకముందే తల్లి పోయింది. ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. పెంచిన మేనత్త, నరసింగరావుకిచ్చి పెళ్ళి చేసిన నెలలోపే కన్నుమూసింది. ఒక రేకుపెట్టెతో అత్తవారింటికి వచ్చిన దాలమ్మకి గంపలు పంపే దిక్కెవరు? అత్తగారు మాత్రం పరువుగల మనిషి. అడిగినవాళ్ళందరికీ, "బండి వస్తన్నాదమ్మా, దారిలో ఉన్నాది" అని చెప్పుకొచ్చింది. ఒక నెల చెప్పింది, రెండు నెలలు చెప్పింది. ఆడపడుచు జగ్గమ్మ అప్పటికి పడుచుది, నోటికి తాళం లేనిది. "ఆ బండికి ఇరుసు ఇరిగినట్టున్నాది" అని బావి దగ్గర అంది. నెత్తిమీద బిందెతో నిలబడ్డ దాలమ్మ కూడా అందరితోపాటు నవ్వింది. అలా నవ్వడం ఎంత కష్టమో నవ్వినవాళ్ళకే తెలుస్తుంది. ఆ తర్వాతే ఆవిడ ఊళ్ళోవాళ్ళ సారెలన్నీ తన నెత్తికెత్తుకుంది. తనకు మాలిన ధర్మం పనికిరాదని పెద్దలు అన్నారుగానీ, ఆవిడ చెవిలో ఎవరూ వేయలేదు.

కిందటేడు కొడుకు నరేష్‌కి బొబ్బిలి పిల్లని చేశారు. పేరు యమున. డిగ్రీ చదివింది, లెక్కల్లో దిట్ట. ఆ పిల్ల ఈ మాఘమాసంలో పక్కింటివాళ్ళ సారె పంచడానికి అత్తగారి వెంట గంప పట్టుకుని తిరిగింది. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అడిగింది.

"అత్తా, గడపలు నూటపదిహేడని కదా అన్నావు. మరి మనిల్లు అందులో ఉన్నాదా?"

దాలమ్మ చెంబు పట్టుకుని ఆలోచనలో పడింది. పడమటి వీధి, తూర్పు వీధి, కొత్త కాలనీ, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. లేదు. ముప్ఫై ఏళ్ళుగా లేదు.

"మనిల్లు ఎందుకే, పంచేవోళ్ళమే కదా" అంది తేలిగ్గా.

"అయితే నూటపద్దెనిమిది. పోనీ, నీ సారె పంచినప్పుడు ఎవులు కేకేసినారు?"

ఆ పిల్ల ఏదో మాటవరసకి అడిగింది, తెలియక. దాలమ్మ, "పొయ్యిమీద పాలున్నాయి" అంటూ లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యిమీద పాలు లేవు.

రెండు రోజులు ఇంట్లో కూరకి రుచి లేదు. మొదటిరోజు ఉప్పు లేదు, రెండోరోజు రెండుసార్లు పడింది. నరసింగరావు మాట్లాడకుండా తిన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అతను నేర్చుకున్న గొప్ప విద్య అదే. మూడోరోజు అన్నం వడ్డిస్తూ దాలమ్మ ఉన్నట్టుండి అంది.

"నాను నాకు సారె ఎట్టుకుంటాను."

నరసింగరావు ముద్ద పళ్ళెంలో దించి పెళ్ళాం ముఖంలోకి చూశాడు. ఆవిడ నవ్వడం లేదు.

"ఎట్టుకో. మరి సారె తెచ్చేదెవులు?"

"నానే."

ఊళ్ళో మాట దాగుతుందా? మర్నాడు పొద్దెక్కకుండానే జగ్గమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది. మూడిళ్ళ అవతలే ఉంటుంది. వయసుతో మోకాళ్ళు అరిగాయిగానీ నోరు అరగలేదు.

"ఏటే దాలమ్మా, నీకు నువ్వే సారె ఎట్టుకుంటావంట? సారంటే పుట్టిల్లు ఉన్నదానికి. లేనిదానికి లేదు. ఊరు నవ్వుతాది. నా గుమ్మంలోకి తెచ్చినావంటే తలుపేస్తాను, ముందే సెప్తన్నాను."

ఆవిడ వెళ్ళాక దాలమ్మ చాలాసేపు అరుగుమీద కూర్చుంది. అంతకుముందు సాయంత్రమే శనగలు మర పట్టించింది, పాతపట్నం నుంచి బెల్లం తెప్పించింది. చేసే చెయ్యి, అరిచే గొంతు రెండూ ఉన్నాయి. లేనిదల్లా ధైర్యమే.

"యమునా, ఈ పిండి అట్టే పెట్టీ. ఎవులి సారెకైనా పనికొస్తాది" అంది చివరికి.

యమున చీపురు పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.

"అత్తా, చివరింటి నీలవేణి వదినకి కూడా అమ్మానాన్నా లేరు కదా. నాలుగేళ్ళ కిందట తనకి సారె వచ్చిందంటన్నారు. ఎవులు పంపినారు?"

పంపింది దాలమ్మే. సొంత బెల్లంతో, సొంత నూనెతో చేసి, "నీలవేణి పుట్టింటి సారమ్మా" అని నూటపదిహేడు గడపల్లో కొండలు అదిరేలా కేకేసింది. నీలవేణి ఏడుస్తూ కాళ్ళు పట్టుకుంటే, "ఊరుకోయే, నీకేటి తక్కువ" అని గద్దించింది కూడా.

"అప్పుడు ఊరు నవ్వుతాదని అనుకున్నావా?"

"దాని సంగతి ఏరు. అది సిన్నపిల్ల."

"నువ్వొచ్చినప్పుడు నీకెన్నేళ్ళు?"

"పంతొమ్మిది."

"ఆ వదినకి అప్పుడు ఇరవై ఒకటి" అంది యమున.

లెక్కల పిల్లతో వాదనకి దిగితే అంతే మరి. దాలమ్మకి ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల బిందె నెత్తిన పెట్టుకుని బావి దగ్గర నవ్వుతూ నిలబడ్డట్టు కనిపించింది. పరాయి పిల్ల ఎవరైనా అలా నిలబడితే తను ఊరుకునేదా? ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి దాలమ్మకి దాలమ్మ మీద జాలి వేసింది, ఆ జాలి వెనకే ముద్దు కూడా వచ్చింది. కొంగు బిగించి లేచింది.

పిండివంటకి ఎవరినీ పిలవడానికి మొహం చెల్లలేదు. యమున వెళ్ళి పిలిస్తే అయిదుగురు వచ్చారు, అందరికంటే ముందు నీలవేణి. రెండు రోజులు పెరట్లో పొయ్యి ఆరలేదు. మూడోరోజు గంపలు సిద్ధమయ్యాక ఒక చిక్కొచ్చింది. ఇంట్లోంచి బయల్దేరితే అది సారె ఎలా అవుతుంది? ఊరి పొలిమేర దాటి రావాలి. దాలమ్మకి ఇలాంటి విషయాల్లో పట్టింపు ఎక్కువ. తన సారె కదా అని ఒక మెట్టు తగ్గిస్తుందా?

ఆటో ఎర్రన్నని పిలిచారు. గంపలు ఎక్కించి, కొత్తచీర కట్టుకున్న దాలమ్మని పక్కన కూర్చోబెట్టి ఎర్రన్న పాతపట్నం తీసుకెళ్ళాడు. అక్కడ ఇద్దరూ టీ తాగారు. వెనక్కి తిప్పాడు. పొలిమేర దగ్గర్నుంచి ఇంటిదాకా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. అలా తియ్యొద్దని ఎవరూ చెప్పలేదు, అది అతని సొంత తెలివి.

ఇంటిముందు ఆటో ఆగేసరికి వాకిట్లో నరసింగరావు ఉన్నాడు. ఉతికిన పంచె కట్టాడు, చేతిలో చెంబుతో నీళ్ళున్నాయి. పుట్టింటివాళ్ళు వస్తే కాళ్ళకి నీళ్ళివ్వాలి కదా. నవ్వకుండా ముందుకొచ్చి చెంబు అందించాడు.

"రండి. పెయాణం బాగా జరిగినాదా?"

దాలమ్మ తడబడింది. తర్వాత తను ఎవరి తరఫున వచ్చిందో గుర్తు తెచ్చుకుని నిటారుగా నిలబడింది.

"బాగానే జరిగినాది. మా పిల్లని బాగా సూసుకుంటన్నారా?"

అడిగేదాకా ఆ మాట అంత బరువైనదని ఆవిడకీ తెలియదు. చుట్టూ చేరినవాళ్ళ నవ్వులు ఆగిపోయాయి. నరసింగరావు తల వంచుకున్నాడు.

"ఇంకాస్త బాగా సూసుకోవలిసింది" అన్నాడు.

దాలమ్మ చెంబులో నీళ్ళు కాళ్ళమీద పోసుకుంది. కొన్ని మొహానికీ కొట్టుకుంది, ఏవి ఏ నీళ్ళో ఎవరికీ తెలియకుండా.

పంచడం మొదలుపెట్టారు. గడపకి నాలుగు ఉండలు. మొదటి గుమ్మం ముందు గంప దించి కేకెయ్యబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. యమున అందుకోబోయింది. దాలమ్మ చేత్తో వారించింది.

"ఎవులి సారే?" అని ఆ ఇల్లాలు నవ్వుతూ అడిగింది.

"నర్సింగరావు... ఇంటిదమ్మా."

"ఆ ఇంట్లో ఎవులిదని?"

"నాదే" అంది దాలమ్మ, దొంగతనం ఒప్పుకున్నట్టు.

రెండో గడపలో కాస్త నయం. ఆరో గడపకి గొంతు వచ్చింది. ఇరవయ్యో గడప దాటేసరికి, "దాలమ్మ సారమ్మో, దాలమ్మది" అంటుంటే కొత్త కాలనీ కుక్కలు కూడా లేచాయి. కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళు కూడా చేతులు చాపారు. ఒకరిద్దరు ముసలివాళ్ళు, "పోన్లే, ఇన్నాళ్ళకి వచ్చినాది" అంటూ బొట్టుపెట్టారు. నడుస్తుంటే దాలమ్మకి ఒళ్ళు తేలికగా ఉంది. ఎవరేమనుకుంటారో అన్న బెంగ ఒక్క గుమ్మం దగ్గరే మిగిలింది.

ఆ గుమ్మానికి ఆఖరున వచ్చారు. జగ్గమ్మ ఇంటి తలుపు ఓరగా ఉంది. గంపలో ఇంక ఎనిమిది ఉండలున్నాయి. దాలమ్మ గొంతు మళ్ళీ సన్నబడింది.

"సారె వొదినా."

కాసేపటికి జగ్గమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

"ఎవులిది?"

"నాది."

"ఎవులంపినారు?"

"నానే పంపుకున్నాను."

జగ్గమ్మ గంపకేసి చూసింది, మనిషికేసి చూసింది.

"ఆ వీధుల్లో అంతలేసి కేకలెట్టినావంట. నా గుమ్మంలోకొచ్చి పిల్లిలాగ సెప్తన్నావేటి? నాకు సెవులు సరిగా ఇనపడవు."

దాలమ్మ ఊపిరి పీల్చుకుని కేక పెట్టింది. వీధి మొత్తం విన్నది. జగ్గమ్మ కొంగు పట్టి నాలుగు ఉండలు అందుకుంది. లోపలికెళ్ళి భరిణె తెచ్చి, వంకరగానే అయినా, బొట్టుపెట్టింది.

"ఇరుసు ఇరిగినాదని అన్నది నానే. నీకు గేపకం ఉన్నాదేటి?"

"ఉన్నాది."

"నాకూ ఉన్నాది" అంది జగ్గమ్మ. అంతకుమించి దిగిరావడం ఆవిడ వంశంలోనే లేదు. వెంటనే గంపలోకి తొంగి చూసి మామూలు మనిషైపోయింది. "సాయంత్రం మా మనవలొస్తారు. ఆ నాలుగూ కూడా ఇటు పడీ."

అలవాటైన చెయ్యి గంపలోకి వెళ్ళింది. ఆ చెయ్యి గంపలో ఆగింది.

"లేదొదినా. ఇయి మా ఇంటియి. నలుగురం, నాలుగు."

దాలమ్మ నోటివెంట లేదన్న మాట విని జగ్గమ్మ కనుబొమలు పైకి లేచాయి. కోపం వచ్చిందో లేదో ఆవిడకే అర్థమైనట్టు లేదు.

"నువ్వెప్పుడు తిన్నావే? ఏదీ, నా ముందు తిను. సూస్తాను."

దాలమ్మ అరుగుమీద కూర్చుంది. ఒక ఉండ తీసుకుని కొరికింది. బెల్లం, యాలకులు, కరకరమంటూ విరిగి కరిగిపోతున్న పూస. నమలడం ఆపి మళ్ళీ నమిలింది. ఎవరైనా మెచ్చుకుంటే పాకం ముదిరిందనో నూనె వాసనేస్తోందనో కొట్టిపారేయడం ఆవిడ అలవాటు. జగ్గమ్మ ఆ మాటకోసమే కాచుకుని ఉంది.

"ఎలాగున్నాదే?"

దాలమ్మ రెండో కొరుకు కొరికి, నోటినిండా మిఠాయితో జగ్గమ్మ మొహంలోకి చూసింది.

"వొదినా, ఇన్నేళ్ళూ మీరందరూ తిన్నది ఇంత బాగుంటాదేటి?"