కండెలవ్వ తడపని గోనెసంచి

కండెలవ్వ పోయిన సంగతి నాకు మెట్ల మీద తెలిసింది. కింద నల్లా దగ్గర బిందె నింపుకుని వస్తుంటే ఆమె కొడుకు ఎదురొచ్చాడు. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. "అక్కా, అవ్వ లేదు. దవాఖాన నుంచి చెప్పిండ్రు" అన్నాడు. జ్వరంతో వెళ్లి వారం దాటిన మనిషి. కరోనా అని శవాన్ని ఇంటికి తీసుకురానివ్వలేదు. పసుపు నీళ్లు పోసి సాగనంపే భాగ్యం కూడా మాకు దక్కలేదు. నేను బిందె అక్కడే దించి మెట్టు మీద కూలబడ్డాను. నా వెనకే వచ్చిన మా కుక్క భూరి, రోజూ లాగే వెళ్లి ఆమె తలుపు ముందు పడుకుంది. ఆ కుక్క ఇవాళ బతికి ఉందంటే అది ఆమె పుణ్యం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేం పనికి వలస వచ్చిన గోడాదరాలో, మా బిల్డింగులో ఆమెను పేరు పెట్టి పిలిచిన వాళ్లను నేను చూడలేదు. పవర్‌లూమ్ కార్ఖానాల్లో ఏళ్ల తరబడి కండెలకు దారం చుట్టింది కాబట్టి కండెలవ్వ. మాట కటువు. మంచి మాట చెప్పినా తిట్టినట్టే ఉండేది. ఆమెకొక అలవాటు. వేడి చూడాలంటే అరచేయి పెట్టేది కాదు, చేయి తిప్పి వెనక వైపు ఆనించేది. పాలగిన్నె అయినా, మోటారు అయినా, మా పాప నుదురు అయినా అంతే. "అరచెయ్యి పని జేసి జేసి మొద్దువారింది బిడ్డా, అది అబద్ధం చెప్తది" అనేది.

ఆమె తలుపు పక్కన మేకుకు ఒక పాత గోనెసంచి వేలాడుతుండేది. ఒకసారి వానాకాలం మెట్లు తుడుద్దామని దాన్ని అందుకోబోయాను. "దాన్ని ముట్టకు" అంది. అన్నది అంతే, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చినిగిన సంచికి ఇంత రాద్ధాంతమా, ఎంత పిసినారిదో అని నేను బిల్డింగంతా చెప్పుకున్నాను. చెప్పుకోవడంలో నాకు నేనే సాటి.

మొదటి లాక్‌డౌన్ ఎండాకాలంలో మగ్గాలు ఆగిపోయాయి. మా లైన్లో సగం మంది ఊళ్లకు పోయారు. మా పాపతో ఆడుకునే పిల్లలంతా వెళ్లిపోయారు. చాయ్ బండి మూతపడింది, ఆ బండి దగ్గర బిస్కట్లు తిని బతికే భూరి మా మెట్లెక్కింది. పాప దానికి తన రొట్టెలో సగం పెట్టేది. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ రోజుల్లో వేరే తోడు లేదు. రాత్రి బువ్వ తినాలన్నా భూరి పక్కన ఉండాల్సిందే. ఈలోగా కుక్కల వల్ల కూడా రోగం వస్తుందని ఎవరో పుకారు పుట్టించారు. బిల్డింగు వాళ్లు వెళ్లగొట్టమన్నారు. నేను తెలివిగా ఒక పని చేశాను. రేషన్ లైన్‌కు వెళ్తూ, ఎవరి కంటా పడకుండా భూరిని పైన డాబా మీది రేకుల గదిలో కట్టేసి, గిన్నెతో నీళ్లు పెట్టాను. ఒక్క గంటే కదా అనుకున్నాను.

లైన్‌లోనే మధ్యాహ్నమైంది. వచ్చి తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది. గిన్నెలో నీళ్లు వేలు పెట్టలేనంత కాగి ఉన్నాయి. భూరి పక్కకు పడి ఉంది. ఎగరొప్పుతోంది, నాలుక బయటికి జారింది, నోట్లోంచి చొంగ జిగురుగా తీగలు సాగుతోంది. చిగుళ్లు ఎర్రగా కందిపోయాయి. నన్ను చూసి లేవబోయింది, వెనక కాళ్లు నిలవలేదు. నా వెనకే పరిగెత్తుకొచ్చిన పాప ఏడుపు లంకించుకుంది.

మా నాయన సిరిసిల్లలో మగ్గం నేసేవాడు. ఎండకాలం పడుగు ఎండి దారాలు తెగకుండా చుట్టూ తడి గోనెలు కట్టేవాళ్లు. మా ఇళ్లలో చల్లదనం అంటే తడిగోనే. బియ్యం సంచి దొరికితే టాంకీ నీళ్లలో ముంచి భూరి మీద తల నుంచి తోక దాకా కప్పేశాను. నోరు తెరిచి నీళ్లు పోయబోయాను.

పాప ఏడుపు విని కండెలవ్వ మోకాళ్లు పట్టుకుంటూ పైకి వచ్చింది.

"తియ్యి. ముందు ఆ సంచి తియ్యి."

"సల్లగైతదని కప్పిన అవ్వా."

"దారానికి సల్లగైతది. దీనికి కాదు. దాని ఒంట్ల వేడి ఆ సంచి కింద్నే ఉడుకుతది. నోట్ల నీళ్లు పొయ్యకు, స్పృహ సక్కగ లేదు, ఊపిరితిత్తులకు పోతయి. ఎత్తు, కిందికి తీస్కపోదాం."

ఇద్దరం మోసుకొచ్చి ఆమె గది ముందు నీడలో బండల మీద పడుకోబెట్టాం. నేను మళ్లీ టాంకీ నల్లా తిప్పబోతే చేయి మీద ఒకటి వేసింది. "గవి కాగిన నీళ్లే. నా కుండల్ది తే." తాగడానికి పట్టి పెట్టుకున్న కుండ నీళ్లన్నీ భూరి పొట్ట మీద, తొడల సందున, చంకల్లో, పాదాల మీద పోసింది. లోపలి నుంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఎదురుగా పెట్టింది. నీళ్లు పోయడం, గాలి తగలనివ్వడం, మళ్లీ పోయడం. కుండ ఖాళీ అయితే కింద నల్లా నీళ్లు తెచ్చాను. మధ్యమధ్య చేయి తిప్పి దాని తొడ లోపల ఆనించి చూసేది. మా పాప ఒకటే అడుగుతోంది, "భూరి సచ్చిపోతదా అవ్వా?" అని. కండెలవ్వ "తోక దిక్కు కూసొని విసురు" అని అట్టముక్క ఇచ్చింది.

ఎంతసేపయిందో తెలియదు. ఎగరొప్పడం తగ్గింది. భూరి తల ఎత్తి, గిన్నెలో నీళ్లు తనంతట తానే రెండు గుటకలు నాకింది. కండెలవ్వ నీళ్లు పోయడం ఆపింది. "ఇగ చాలు. వణుకు పుట్టొద్దు" అంది. నేను హమ్మయ్య అని కూర్చోబోతే ఊరుకోలేదు.

"లేసిందని ఖుషీ గాకు. లోపల ఏం చెడ్డదో మనకు కానరాదు. డాక్టర్‌కు చూపెట్టాలె."

కూరగాయల తోపుడు బండి అడిగి తెచ్చి, భూరిని దాని మీద పెట్టి ఇద్దరం తోసుకుంటూ వెళ్లాం. చౌరస్తాలో పోలీసు లాఠీ అడ్డం పెట్టాడు. కండెలవ్వ మాస్కు సర్దుకుని, "సాబ్, ఇస్మే భీ జాన్ హై" అంది, దీనిదీ ప్రాణమేనని. ఆయన కుక్కనొకసారి, ముసలామెనొకసారి చూసి లాఠీ తీశాడు. పశువుల డాక్టరు సెలైన్ ఎక్కించి సాయంత్రం దాకా ఉంచుకున్నాడు. చల్లబరచకుండా అలాగే తెచ్చి ఉంటే దారిలోనే పోయేదన్నాడు. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, రెండు మూడు రోజులు కనిపెట్టి ఉండమన్నాడు. ఆ మూడు రోజులూ భూరి మూత్రం పోసిందా లేదా అన్నదే మా ఇంట్లో పెద్ద వార్త.

నాలుగో రోజు అది రొట్టె తింటుంటే అడిగాను. "ఇదంతా నీకెవరు చెప్పిండ్రు అవ్వా?"

ఆమె మేకు వైపు చూసింది.

"ఊకెనే తెల్వలే. కార్ఖానాల నాకొక కుక్క ఉండె. గిట్లనే ఎండదెబ్బ తగిలింది. నేను గూడ నీ లెక్కనే చేసిన. ఆ సంచే తడిపి కప్పిన. నిద్ర పోతుందనుకొని పనికి పోయిన. వచ్చి సంచి తీస్తే లోపల్నుంచి సెగ కొట్టింది బిడ్డా. అప్పటికే పాణం పోయింది. తర్వాత ఒక పశువుల డాక్టర్‌ను పట్టుకొని అడిగిన, నేనేం తప్పు జేసిన్నని. అన్నీ ఆయన్నే చెప్పిండు."

పిసినారి అని ఊరంతా చాటిన నోరు ఇదే. సిగ్గుతో చచ్చిపోయాను.

మళ్లీ ఎండకాలం వచ్చింది, ఈసారి జ్వరం ఆమెకు. గడప మీద జావ పెట్టి దూరంగా నిలబడేదాన్ని. ఆమె లోపల మంచం మీద నుంచే అడిగింది, "భూరిని మిట్ట మధ్యాహ్నం బయట తిప్పుతలేవు గద?" లేదవ్వా అన్నాను. నాలుగడుగులు వేసి ఆమె నుదుటి మీద చేయి ఆనించాలనిపించింది. వేయలేదు. ఇంట్లో పిల్ల ఉంది, భయపడ్డాను. అబద్ధమెందుకు. ఆ నాలుగడుగులు ఇప్పుడు ప్రతిరోజూ గుర్తొస్తున్నాయి.

ఆమె కొడుకు గది ఖాళీ చేస్తూ, అవ్వ గుర్తుగా ఏమన్నా తీసుకో అక్కా అన్నాడు. గోనెసంచి అడిగాను. అతను వింతగా చూశాడు కానీ ఇచ్చాడు. మా తలుపు పక్కన మేకు కొట్టి వేలాడదీశాను.

నిన్న ఎండ మండిపోయింది. భూరి నీడలో బండల మీద నాలుక చాపి పడుకుంది. పాప దాని దగ్గరికి వెళ్లింది, సంచి వైపు చూడను కూడా చూడలేదు. కుండలోంచి చెంబుడు నీళ్లు తెచ్చి దాని పాదాల మీద పోసింది. తర్వాత వంగి, చేయి తిప్పి, భూరి తొడ లోపల ఆనించింది. కాసేపు అలాగే ఉంచి నా వైపు చూసింది.

"మంచిగనే ఉందమ్మా" అంది.