దండెం గుంజ

మా అమ్మమ్మ కోపాన్ని ఉప్పేసి జాడీలో దాచుకునే రకం. ఎన్నాళ్లయినా చెడిపోదు, ఎప్పుడు తీసినా ఘాటు తగ్గదు. మనిషి చూస్తే పడవ తెడ్డుకన్నా జానెడు పొట్టి. నోరు విప్పితే మాత్రం జలాశయం అవతలి ఒడ్డున కొంగలు లేస్తాయి. అలాంటిది ఆ ఏడాది వానలప్పటినుంచి నోరు మూసుకుని తిరుగుతుంటే ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది.

కోపమంతా సొంత తమ్ముడి మీద. ఎండైనా చీకటైనా నెత్తిమీద టోపీ తియ్యడు కాబట్టి ఆయన్ని అందరూ టోపీ అనే పిలుస్తారు. పట్నం నుంచి సరదాకి గాలాలు వెయ్యడానికి వచ్చేవాళ్లని పడవల్లో తిప్పడం ఆయన పని. అమ్మమ్మకి చేపలు పట్టడమే బతుకు. తాత ఉన్నన్నాళ్లూ ఇద్దరూ ఒకే పడవలో వెళ్లేవారు. తెడ్డు ఆయనది, గాలం ఆవిడది, పోట్లాట ఇద్దరిదీ.

జలాశయం మధ్యలో వాళ్లకో చోటుంది. అది దొరికింది కాదు, చేసుకున్నది. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడల్లా తాత ముళ్లకంపలు మోపులు కట్టి, వాటికి రాళ్లు బిగించి అక్కడ ముంచేవాడు. కంపలకి నాచు పట్టింది, నాచుకోసం చిన్న చేపలొచ్చాయి, వాటికోసం పెద్దవొచ్చాయి. నీళ్లమీద గుర్తు పెడితే అందరూ అక్కడే వాలతారు కాబట్టి గుర్తు ఒడ్డున పెట్టుకున్నారు. ఇంటి పక్కనే ఉన్న అమ్మమ్మ పడవ షెడ్డు ముందు బట్టలారేసే దండేనికి రెండు గుంజలున్నాయి. పడవలోంచి చూస్తే ఎడమ గుంజ సరిగ్గా కొండమీది నీళ్ల ట్యాంకు కిందికి రావాలి. మరోపక్క పంపుహౌసు మూల నల్లబండ వెనక దాక్కోవాలి. రెండూ కుదిరినచోట లంగరు వెయ్యడమే.

తాత పోయిన కొత్తలో అమ్మమ్మకి కాలూ చెయ్యీ ఆడలేదు. తమ్ముడు రోజూ వచ్చి పక్కన కూర్చున్నాడు, ఏడిస్తే మంచినీళ్లిచ్చాడు. మనసు కరిగి ఆవిడ ఒకరోజు తమ్ముణ్ని పడవెక్కించుకుని వెళ్లి, గుంజనీ ట్యాంకునీ చూపించింది. "మీ బావ చోటురా ఇది" అంది.

వానలు పడేసరికి ఆ చోటుకి కొత్త పేరొచ్చింది, టోపీ మడుగు అని. తానే కనిపెట్టానని పడవెక్కిన ప్రతివాడికీ ఆయన చెబుతున్నాడు. అమ్మమ్మ రేవుకి వెళ్లింది.

"ఏరా, చేపలు పట్టుకో, వద్దనను. ఇది మీ బావ చేసిన చోటని నలుగురిలో ఒక్క మాట చెప్పు. నాకదే చాలు."

టోపీ నవ్వాడు. "నీళ్లకి కూడా పట్టా ఉంటుందా అక్కా? బావకి ఈతే సరిగ్గా రాదు. మడుగు ఆయన చేశాడంటే ఎవడు నమ్ముతాడు?"

పక్కనున్న పడవవాళ్లు పగలబడి నవ్వారు. అమ్మమ్మ వెనుదిరిగింది. ఇంటికొచ్చి, ఉతికిన దుప్పటినే మళ్లీ ఉతికింది. జాడీకి మూత ఆ రోజే బిగిసింది.

చలి మొదలయ్యాక పట్నంలోని గాలాల సంఘంవాళ్లు పోటీ పెట్టుకుంటామని కబురుచేశారు. నచ్చితే ఇకనుంచి ప్రతివారం టోపీ పడవలే ఎక్కుతామన్నారు. చోటుని ఫోనులో గుర్తు పెట్టుకోమని ఎవరో అంటే, "నా కళ్లకన్నా నీ ఫోను గొప్పదా?" అని టోపీ కసిరాడు.

పోటీ ముందురోజు సాయంత్రం అమ్మమ్మ గడ్డపార భుజానేసుకుని దండెం దగ్గరికి నడిచింది. కూతురు, అంటే మా అమ్మ, గుమ్మంలోంచి తొంగిచూసింది.

"ఏం చేస్తున్నావే అమ్మా?"

"ఇక్కడ ఎండ తగలట్లేదు. దండెం జరుపుతున్నా."

"పొద్దుగుంకాక ఎండేమిటే?"

"రేపొచ్చే ఎండ. నువ్వెళ్లి పాలు చూసుకో, పొంగుతున్నాయి."

రెండు గుంజలూ పీకి కాస్త ఎడమకి పాతింది. ఒడ్డున ఆ కాస్తా నీళ్లమధ్యకి వెళ్లేసరికి ఎంతవుతుందో, అక్కడ అడుగున ఏముందో ఆవిడకి తెలుసు. అది పాత నిమ్మతోట. జలాశయం నింపేముందు చెట్లు కొట్టేశారు గానీ మొద్దులు పీకలేదు.

తెల్లారగానే ఇంట్లో దుప్పట్లన్నీ ఉతికేసింది. అల్లుడు కప్పుకున్నది కూడా నిద్రలోనే లాగేసింది. అవన్నీ ఆరేశాక, గుంజ జరిగిందని పోల్చుకోవడానికి షెడ్డు గోడే కనబడకుండా పోయింది. నీళ్లమీదనుంచి చూసేవాడికి ఇక గుంజా ట్యాంకే దిక్కు. అప్పుడు ముక్కాలిపీట వేసుకుని, బోర్లించిన పడవకి తారు పూస్తూ కూర్చుంది.

పడవలు వరసగా వచ్చాయి. ముందు పడవలో టోపీ లేచి నిలబడి, ఒక కన్ను మూసి గుంజని చూశాడు, తిరిగి నల్లబండని చూశాడు, రాజులా చెయ్యి దించాడు. లంగర్లు పడ్డాయి. గాలాలు పడ్డాయి.

"పడింది! పెద్దదే!" అని ఒకాయన కేక వేశాడు. ఆయన గాలం కర్ర విల్లులా వంగింది. పక్కాయనదీ వంగింది, వెనకాయనదీ వంగింది. ఇంతమందికి ఒకేసారి పెద్ద చేప పడటమేమిటని ఎవరూ ఆలోచించలేదు. ఒడ్డున అమ్మమ్మ మాత్రం తారు కుంచె చాటున పళ్లు బయటపెట్టింది. దారాలు టప్‌ టప్‌మని తెగాయి. కొత్త కొక్కేలు కట్టారు, అవీ మొద్దులకే వెళ్లాయి. ఒక కర్ర నడిమికి విరిగింది. చివరికి టోపీ లంగరే అడుగున ఇరుక్కుపోయి, తాడు కోసుకుని బయటపడాల్సి వచ్చింది.

ఆయన నేరుగా అమ్మమ్మ ఒడ్డుకే వచ్చాడు. వెనకే అతిథులంతా దిగారు.

"అక్కా! గుంజ జరిపావు కదూ?"

"నా దండెం, నా గుంజ. జరుపుకుంటే నీకేంట్రా?"

"నాకేంటా? ఆ గుంజ చూసే కదా మడుగు పట్టుకునేది! తీసుకెళ్లి మొద్దులమీద పడేశావు!"

అమ్మమ్మ అప్పుడు కుంచె దించింది. "నువ్వు కనిపెట్టిన మడుగుకి నా దండెం గుంజెందుకురా?"

విరిగిన కర్ర చంకలో పెట్టుకున్న కళ్లజోడు పెద్దాయన ముందుకొచ్చి, "ఆ చోటు ఎవరిదమ్మా అయితే?" అన్నాడు.

"నన్నెందుకు బాబూ? వాణ్నే అడగండి."

అందరూ అటు తిరిగారు. టోపీ దోమ గొంతుతో, "మా బావది" అన్నాడు.

"నాకే వినపడలేదు. అవతలి ఒడ్డుకేం వినపడుతుంది?"

"మా బావదీ! కంపలు ముంచి ఆయనే చేశాడు!"

కొంగలు లేచాయి.

దాంతో దండెం వెనక్కి వెళ్తుందని కూతురు అనుకుంది. కడుపున పుట్టినా ఆవిడ సంగతి ఇంకా తెలియలేదు పాపం. మర్నాడు టోపీ వచ్చి, "చెప్పేశాను కదక్కా, ఇక చోటు చూపించు" అన్నాడు.

"చెప్పావు, విన్నాను. వెళ్లిరా."

అప్పటినుంచి బట్టలు ఉతికినప్పుడల్లా దండెం చోటు మారుతోంది. అమ్మమ్మకేం, గుంజకి బదులు షెడ్డు మూల చూసి చోటుకి వెళ్లిపోతుంది. ఆ వారం మడుగులో ఇద్దరు మొయ్యాల్సినంత బొచ్చె చేప పడింది. తలా నడుమూ తను ఉంచుకుని, తోక ముక్క కాగితంలో చుట్టి తమ్ముడింటికి పంపింది. బావ మడుగులోదని చెప్పి మరీ ఇమ్మంది.

ఇచ్చొచ్చిన అల్లుడు, "అక్కడే వండించుకుని తిన్నాడత్తయ్యా, పాపం" అన్నాడు.

అమ్మమ్మ అడిగింది ఒకటే.

"ముల్లు గుచ్చుకుందా?"