బుగ్గల కోసం తిన్న అన్నం

మా వైపు మనిషి ఆరోగ్యాన్ని బుగ్గలు చూసి తేల్చేస్తారు. లారీ డ్రైవరైన మా ఆయన హెచ్ఐవీతో పోయాడు. అదే జబ్బుకు నేనూ ఏళ్ల తరబడి మాత్రలు మింగుతున్నాను. ఒంట్లో బాగానే ఉండేది గానీ, పాత మందుల వల్ల బుగ్గలు పీక్కుపోయాయి. బళ్లో పిల్లలకు మధ్యాహ్నం వండిపెట్టే పని నాది. సంగతి బయటపడితే నా చేతి వంట ఎవరు తిననిస్తారు?

అందుకని మా అమ్మ ఓ తెలివైన పని మొదలుపెట్టింది. మూడుపూటలా కంచం నిండా గంజన్నం, మధ్యమధ్యలో బెల్లం పరమాన్నం. "తినేయే! బుగ్గలు నిండితే ఎవులికీ అనుమానం రాదు" అనేది. తిన్నాను. బుగ్గలకు చేరాల్సిందంతా పొట్టకే చేరింది. కాళ్లూ చేతులూ పుల్లలు, మధ్యలో కుండ.

ఒకరోజు కుళాయి దగ్గర పక్కింటావిడ నా పొట్టకేసి చూసి, "ఏటే, ఎన్నో నెల?" అంది. మొగుడు పోయి ఆరేళ్లయిన దాన్ని! ఒళ్లు మండిపోయింది. నిజం చెబితే పని పోతుంది, చెప్పకపోతే పరువు పోతుంది. బిందె ఎత్తుకుని వచ్చేశాను.

రాజాం ఆసుపత్రికి వెళ్లి చూపించుకుంటే, ఈ పొట్టకు తిండితో పాటు పాత మందులూ కారణమేనని డాక్టరు మందు మార్చారు. తిండి సంగతి చెప్పే మేడం ఓ అచ్చుకాగితం చేతిలో పెట్టింది: ఓట్సు, బాదంపప్పు, ఆలివ్ నూనె. అణుచుకున్న కోపమంతా ఆవిడ మీద పడింది.

"మా ఇంట్లో ఏటి వండుకుంతామో ఒక్క ముక్క అడిగారా మేడం?"

పాపం, ఆవిడ కోప్పడలేదు. అప్పుడడిగింది. కాగితం వెనక్కి తిప్పి రాసింది: పొద్దున్న చోడి అంబలి, అంటే రాగిజావ, అన్నం సగం, మిగతా సగం ఉలవలు, ఆకుకూర, పులుసులో చేప. తీపి వద్దు, రోజూ నడవాలి. "బుగ్గలు తిండితో రావమ్మా. పొట్ట మాత్రం తగ్గొచ్చు" అంది. ఆ ముక్క మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే నాకిన్ని అగచాట్లు ఉండేవా?

కంచంలో అన్నం తగ్గేసరికి అమ్మ ఏడుపు. "సిక్కిపోతే అందరూ పసిగట్టేస్తారే!" నాకూ భయమే. అయినా మానలేదు. కొన్ని నెలలకు పొట్ట తగ్గింది.

అప్పుడు ఆ పక్కింటావిడే బడి వంటపాక దగ్గర, నలుగురూ వింటుండగా, "కడుపు ఎక్కడ తీయించుకున్నావే?" అంది.

"కడుపు కాదే! మందులకొచ్చిన పొట్ట. నాకు హెచ్ఐవీ ఉన్నాది. ఇప్పుడు సెప్పు, ఏటి సేస్తావు?" అని అరిచాను.

మర్నాడు వెళ్లేసరికి పొయ్యి దగ్గర వేరే మనిషి ఉంది. వంట వల్ల ఈ జబ్బు అంటదని పెద్దమేష్టారికి తెలుసు, పిల్లలకు ఆ పాఠం చెప్పేదే ఆయన. నా మొహం చూడకుండా, "నాలుగు రోజులు ఆగమ్మా" అన్నారు. ఆగనన్నాను. ఆ మనిషి చేతిలోంచి గరిటె లాక్కుని పప్పు కలియబెట్టాను.