ఎర్ర బల్బు ఆరేదాకా

ఆర్విల్ టాకెట్ అమెరికా చరిత్రలోని సాహసాలను ఆడియో పుస్తకాలుగా చదివేవాడు. మా కెంటకీ ఊళ్లోనే, బట్టల గదిలో బొంతలు వేలాడదీసుకుని, తలుపు మీద ఎర్ర బల్బు వెలిగించుకుని రికార్డు చేసేవాడు. మాట తడబడినా, బయట ఏదైనా అలికిడైనా, ఒక్కసారి చప్పట్లు కొట్టి ఆ వాక్యాన్ని మళ్లీ మొదలుపెట్టేవాడు. చప్పట్లు వినబడ్డ చోటల్లా చెడిన ముక్కను కోసేయడం నా పని.

భార్య నడీన్ మీద అతని అరుపులూ నేనే కోసేదాన్ని.

"బల్బు కనబడట్లేదా? కొంప అంటుకున్నా సరే, అది ఆరేదాకా నోరెత్తకు!"

"సరేలే మహానుభావా, ముందు నీ యుద్ధం గెలువు," అని ఆమె నవ్వేది.

మార్చిలో, సైనికులు గడ్డకట్టిన నదిని దాటే అధ్యాయం చదివాడు. నలభై నిమిషాలు గొంతు తొణకలేదు. చదవడం ముగించి తలుపు తోస్తే కదల్లేదు. అవతల నడీన్ అడ్డంగా పడి ఉంది. గుండెపోటు. కాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బతికేదన్నారు ఆసుపత్రిలో.

అంత్యక్రియలైన నెలకు ఆ రికార్డింగు నాకు పంపాడు.

"మొదట్లోనే ఏదో పడిన చప్పుడుంది, వెల్డా. నేను విసుక్కుని చప్పట్లు కొట్టాను. తీసెయ్. నేను వినలేను."

ముసలి మొండిఘటం! తిట్టుకుంటూనే శబ్దం పెంచి విన్నాను. ఆ చప్పుడుకీ చప్పట్లకీ మధ్య, తలుపవతల నుంచి సన్నగా నడీన్ గొంతు వినిపించింది.

"ఏం లేదులే. నువ్వు చదువుకో."

కోసేశాను. ఆర్విల్‌కి చెప్పలేదు.