కంప్యూటర్‌లోకి ఎక్కని అక్క

ఆ నాలుగు రోడ్ల కూడలిలో ఇరవై రెండేళ్లు నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని అందరూ ‘చెయ్యి బాబాయ్’ అనేవాళ్లు. ఆయన చెయ్యెత్తితే లారీ అయినా ఆగాల్సిందే.

ఒకరోజు ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంజినీరమ్మ వచ్చింది.

"కంప్యూటర్‌లో ఉత్తుత్తి మనుషుల్ని తయారుచేస్తున్నాం బాబాయ్. ఒక్కొక్కరిది ఒక్కో స్వభావం. వాళ్ల నడతని బట్టి సిగ్నలే లైట్లు మార్చుకుంటుంది. ఇక్కడి జనం గురించి మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

బాబాయ్ ఉబ్బిపోయాడు. నాలుగు రోజులు కూర్చుని చెప్పాడు. పచ్చ పడకముందే హారన్ మోగించే తొందరగాడు, పచ్చ పడ్డా ఫోన్లోంచి తలెత్తని మొద్దు, ఎర్ర లైటు తనక్కాదనుకునే పెద్దమనిషి... మొత్తం పద్దెనిమిది రకాలు. అన్నీ ఎక్కించుకున్నాక, ఇక కూడలిలో మనిషెందుకని ఆయన్ని స్టోర్‌రూమ్‌కి మార్చారు. కూర్చున్న కొమ్మని ఇంత ముచ్చటగా నరుక్కున్నవాడు ఇంకొకడుండడు.

కూడలి అవతల ఆయన అక్కది ఇస్త్రీ బల్ల. అదే ఆమె కూడు. మోకాలు వంగదు కాబట్టి రోడ్డు దాటడానికి ముప్పై సెకన్లు పడుతుంది. కొత్త సిగ్నల్ ఇచ్చేది పద్నాలుగు. రెండుసార్లు నడిరోడ్డు మీద ఇరుక్కుని, మూడోసారి ఇంట్లో కూలబడింది. బల్ల మూతపడి రెండు నెలలైంది.

"నీ పద్దెనిమిది మందిలో నేనొకదాన్ని గుర్తు రాలేదట్రా తమ్ముడూ?"

అప్పుడు తట్టింది బాబాయ్‌కి. కుంటేవాళ్లని, కర్రపట్టిన వాళ్లని చూడగానే చెయ్యి దానంతటదే లేచేది. చెయ్యి చేసిన పని నోటికి గుర్తే లేదు.

పరుగున ఆఫీసుకెళ్లాడు. "పంతొమ్మిదో రకం రాసుకోమ్మా."

ఇంజినీరమ్మ తెర వైపు చూసింది. "రెండు నెలలుగా అలాంటివాళ్లెవరూ అక్కడ దాటడం లేదు బాబాయ్. కెమెరా లెక్క ఇదిగో. లేనివాళ్లని చేరిస్తే పైవాళ్లు ఒప్పుకోరు."

"దాటనివ్వకుండా చేసి, దాటట్లేదని లెక్క చూపిస్తారా?"

బండ్లు ఆగే సమయం సగానికి తగ్గిందని పైవాళ్లు అప్పటికే సంబరపడుతున్నారు. కాళ్లు బాగున్నవాళ్లకి ఊరంతా బాగానే ఉంటుంది.

మర్నాడు పొద్దున సెలవు పెట్టి, మామూలు చొక్కాలో, అక్క జబ్బ పట్టుకుని రోడ్డు మీదికి దిగాడు.

"మెల్లగా నడువక్కా. కెమెరా చూడనీ. లెక్కలోకి ఎక్కేదాకా రోజూ వద్దాం."

"ఈలోపు లారీయే మన మీదికి ఎక్కుతుందిరా!"

సగం దారిలోనే బండ్లకి పచ్చ పడింది. బాబాయ్ చెయ్యెత్తాడు.

"ఏయ్ పెద్దాయనా! ఆపడానికి నువ్వెవడివి?" తొందరగాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు.

బాబాయ్ చెయ్యి దించలేదు. అక్కకి ఇంకా పదహారు సెకన్లు కావాలి.