మిలిటరీ ట్రైలరుకి పది చిల్లులు

ఆ రోజుల్లో, అంటే మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. మిక్సీ తిరక్కపోయినా, కుక్కరు కూత పెట్టకపోయినా పామర్రులో మా వీధివాళ్లు నా దగ్గరికే తెచ్చేవాళ్లు. నేను విప్పేదాన్ని. మళ్లీ బిగించేటప్పుడు ఒకటో రెండో మరలు మిగిలిపోయేవి. (అవి కంపెనీవాళ్లు అనవసరంగా పెట్టినవని చెప్పేదాన్ని. జనం నమ్మేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నమ్మకానికే ఎక్కువ భయమేస్తుంది.) ఇంట్లో నా పేరు ఇంజనీరమ్మ. బాబాయి ఆ పేరుతో నలుగురిలో గర్వంగా పిలిచేవాడు, పిన్ని అంట్లు తోమాల్సి వచ్చినప్పుడు పిలిచేది.

బాబాయికి టెంటుహౌసు ఉండేది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చేవాడు. ఒకరోజు పెద్ద గిన్నెలు కొనుక్కొస్తానని విజయవాడ వన్ టౌన్‌కి వెళ్లి, గిన్నెలకు బదులు తన పాత జీపు వెనకాల ఒక రెండు చక్రాల ట్రైలరు తగిలించుకుని వచ్చాడు. పాతినుప సామాన్ల గోడౌనులో పడి ఉందట. "మిలిటరీ మాలే! వేలంలో వచ్చింది. రేకు కొట్టి చూడు, గంట మోగినట్టు లేదూ?" అని కనిపించిన ప్రతివాళ్ల చేతా కొట్టించాడు. మనిషి పొడుగు, చుట్టూ మోకాలెత్తు రేకు గోడలు, పైన ఎవరో పులిమిన నీలం రంగు. ముందు జీపుకి తగిలించే ఇనప కడియం, దాని కింద ముడుచుకునే ఒక కాలు. అంతా బాగానే ఉంది కానీ వెనకాల తలుపు లేదు. సామాను ఎక్కించాలంటే గోడ మీదుగా ఎత్తి వెయ్యాల్సిందే.

తలుపు లేని బండి సైన్యానికి ఎందుకు? నాలుగు రోజులపాటు మా ఇంట్లో వేరే మాట లేదు. ఫిరంగి గుళ్లు దొర్లిపోకుండా అలా చేశారని బాబాయి వాదన. పక్కింటి మాస్టారు గొంతు తగ్గించి, యుద్ధంలో పోయినవాళ్లని తెచ్చే బండేమో అన్నారు. దాంతో పిన్ని దాన్ని ముట్టుకోవడం మానేసి, రెండు రోజులు ఆలోచించి తన సిద్ధాంతం తను చేసుకుంది. "అంతమంది సిపాయిలకి చపాతీ పిండి ఎందులో కలుపుతారంటా? ఇందులోనే!" నేను మాత్రం నోటికొచ్చిన పెద్ద మాటలన్నీ వాడి, ఇది మామూలు సరుకుల బండేననీ, తయారుచేసినవాడికి బుద్ధి తక్కువనీ తేల్చేశాను.

చలికాలం చివర అకాలంగా పడ్డ మొదటి వానకే నా మాట రుజువైందనుకున్నాను. తెల్లారి చూస్తే ట్రైలరు నిండా నీళ్లు, అందులో బాబాయి గరిటెలూ మూతలూ ఈదుతున్నాయి. "ఏం చేద్దామే ఇంజనీరమ్మా?" అన్నాడు బాబాయి. "నీళ్లు పోయే దారి లేదు బాబాయ్. డిజైన్‌లోనే లోపం" అన్నాను. సెంటర్లో ఉండే వెల్డర్ అన్నని పిలిపించి, నేలరేకు మీద టేపుతో కొలిచి, సుద్దముక్కతో పది గుర్తులు పెట్టాను. అతను డ్రిల్లు పట్టుకుని తల గోక్కున్నాడు. "మిలిటరీ వాళ్లు చిల్లు పెట్టకుండా ఊరికే వదిలేస్తారాండీ? ఏదో కారణం ఉండుద్దేమో." నేను అతనివంక ఒక చూపు చూశాను. అంతే, పది చిల్లులూ పడ్డాయి. నీళ్లు జారిపోతుంటే బాబాయి చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్ల ఊపులోనే బండికి కొత్త రంగు వేద్దామని గీకడం మొదలుపెట్టాను. అక్కడ పట్టుకుంది నన్ను కుతూహలం. నీలం కింద ఆకుపచ్చ, దాని కింద ఇసుక రంగు, ఆ ఇసుక రంగు మీద సగం చెరిగిన తెల్ల అంకెలు. ఒక్కో పొర లేస్తుంటే ఎవరిదో పాత ఉత్తరం విప్పుతున్నట్టుండేది. పిన్ని అన్నానికి పిలిచినా వినపడేది కాదు. నాలుగో రోజున నేలరేకు దగ్గరికొచ్చాను. ముందొకటి, వెనకొకటి గుండ్రటి బుడిపెలుండేవి, వాటిని ఏవో పాత అతుకులనుకున్నాను. రంగు గీకితే ఇత్తడి మెరిసింది. కిరసనాయిలు పోసి, పానా వేసి తిప్పితే మరలు తిరుగుతూ లేచి వచ్చాయి. బిరడాలు! నీళ్లు పోవడానికి దారి వాళ్లే పెట్టారు. కావాలంటే తెరవచ్చు, వద్దంటే మూయచ్చు. నేను వేయించిన చిల్లు ఒకటి ఆ బిరడాకి జానెడు దూరంలో ఉంది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఫోటోలు తీసుకుని ఇబ్రహీంపట్నం బస్సెక్కాను. మాకు దూరపు చుట్టం, సైన్యంలో జీపులు నడిపి వచ్చిన డ్రైవరు తాతగారు థర్మల్ స్టేషన్ దగ్గర కూతురింట్లో ఉండేవారు. ఆయన ఫోటో చూడగానే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఓరి, ఇది ఇంకా బతికుందా! జీపు వెనకాల కట్టే బండమ్మా ఇది. ఏరు అడ్డమొస్తే బిరడాలు బిగించి దింపేసేవాళ్లం. సామానుతో సహా పడవలా తేలేది. తలుపుంటే నీళ్లు రావూ, అందుకే పెట్టలేదు. ఒడ్డెక్కాక బిరడాలు విప్పితే లోపల చేరిన నీళ్లు పోయేవి." రెండో ఫోటో చూసి ఆగిపోయారు. "ఇదేంటి, పడవకి ఇన్ని బెజ్జాలెవడు పెట్టాడు?"

"ఎవరో వెల్డరండీ, తెలియక" అన్నాను.

ఆ వెల్డరుని నాలుగు మాటలనడానికి తాతగారు మరుసటి ఆదివారం స్వయంగా పామర్రు వచ్చేశారు. పాపం వెల్డర్ అన్న అన్నీ విని, "నేను వద్దన్నానండీ. సుద్దతో గుర్తులు పెట్టింది ఆవిడే" అని నావైపు చెయ్యి చూపించాడు. నాకు భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. బాబాయి నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. తాతగారు వంగి చిల్లులన్నీ పరిశీలించి, "ఒక్కటి కూడా వరస తప్పలేదు. ఇంత నీటుగా చెడగొట్టినవాళ్లని మా పటాలంలో చూళ్లేదమ్మా" అన్నారు. ముందుగా నవ్వింది బాబాయే. ఆ నవ్వుకి నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత రెండు నెలలు నాకు బండే లోకం. తుప్పు గీకాను, చక్రాల బేరింగులు విప్పి గ్రీజు పెట్టాను. (ఈసారి ఏమీ మిగల్లేదు.) వెల్డర్ అన్న పది చిల్లులకీ పది రేకుబిళ్లలు అతికాడు. తాతగారు చెప్పిన ఆకుపచ్చ వేశాం. ఇక తేలుతుందో లేదో చూద్దామంటే ఎండాకాలం వచ్చింది, కాలువలకి నీళ్లు ఆపేశారు. అప్పుడు నేనొక ఉపాయం చెప్పాను. లోపల పోసిన నీళ్లు బయటికి రాకపోతే, బయటి నీళ్లూ లోపలికి రావు కదా! బరువు చక్రాల మీద పడకుండా కింద ఇటుకలు పేర్చి, బిరడాలు బిగించి, మోటారు వేసి నింపాం. గంట చూశాం. చుక్క కారలేదు.

సరిగ్గా అప్పుడే మా చర్చి పాస్టరుగారు వచ్చారు. ఈస్టరు దగ్గరపడుతోంది, బాప్తిస్మానికి ఏడుగురున్నారు, కాలువలో నీళ్లు లేవు, చేపల చెరువు వాళ్లు ఒప్పుకోలేదు. షామియానా గురించి మాట్లాడటానికి వచ్చిన మనిషి, ట్రైలరు చూసి మాట మర్చిపోయారు. చుట్టూ ఒకసారి తిరిగారు. చెయ్యి ముంచి చూశారు. "కూర్చోబెట్టి వెనక్కి వాలిస్తే మునుగుతారు కదమ్మా?" అన్నారు మెల్లగా. పిన్ని చేతులు జోడించింది. ఆమె చపాతీ సిద్ధాంతం ఆ క్షణాన రద్దయింది.

ఈస్టరు నాడు చర్చి ఆవరణలో షామియానా కింద బండి నిలబెట్టాం. నేను కొత్త చీర కట్టుకుని, తయారుచేసిన మనిషి నిలబడాల్సినంత దర్జాగా నిలబడ్డాను. ఇద్దరి బాప్తిస్మం అయింది. మూడో ఆమె మెట్టు ఎక్కుతుండగా కింద నేల తడిగా కనిపించింది. వంగి చూస్తే ఒక బిళ్ల అంచు నుంచి సన్నటి ధార. ఇంకా ఐదుగురున్నారు, నీళ్లు చూస్తే అంతంతమాత్రం. చీర సంగతి మర్చిపోయి పక్కనుంచి బండి కిందికి దూరి, ఆ చోట బొటనవేలు అదిమిపెట్టాను.

"పిన్నీ, సబ్బు తే!" అన్నాను.

"ఇప్పుడు స్నానమేంటే నీకు?"

"ముందు తే పిన్నీ!"

పెట్రోలు ట్యాంకు కారితే సబ్బు రుద్ది ఆపడం వెల్డర్ అన్న దగ్గర చూశాను. సబ్బుముక్క నలిపి అంచుకి కూరి, మీద నుంచి వేలు నొక్కిపెట్టాను. పైన పాట, ప్రార్థన, నీళ్ల చప్పుడు, ఆమేన్. కింద నా మోచేతి మీదుగా సబ్బునురగ. ఏడో మనిషి లేచేదాకా అలాగే ఉన్నాను. ముగింపు ప్రార్థనలో పాస్టరుగారు ఒక క్షణం ఆగి, "బండి కింద సేవ చేయుచున్న మా సహోదరిని కూడా దీవించుము ప్రభువా" అన్నారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది వెల్డర్ అన్న. (అతను హిందువు.)

ఇప్పుడు విజయవాడలో బస్సు బాడీలు కట్టే చోట డ్రాయింగులు చూసే ఉద్యోగం నాది. ఎవరైనా కుర్రవాళ్లు వచ్చి "ఇది డిజైన్ లోపం మేడమ్" అంటే, ఎందుకలా పెట్టారో కనుక్కుని రమ్మని పంపిస్తాను. అందరూ నన్ను చాలా జాగ్రత్త గల మనిషంటారు. ఆ మాటకి సంతోషించాల్సిందే, కానీ సుద్దముక్క పట్టుకుని ఎవరినీ అడక్కుండా పది గుర్తులు పెట్టేసిన ఆ పిల్ల మీద అప్పుడప్పుడూ బెంగ కలుగుతుంది. అంత ధైర్యం మళ్లీ రాలేదు.

మొన్నీమధ్య పామర్రులో ఒక పెళ్లికి వెళ్తే, నెరిసిన జుట్టావిడ నన్ను ఎగాదిగా చూసి దగ్గరకొచ్చింది. "నువ్వు నా బాప్తిస్మమప్పుడు బండి కింద దూరిన పిల్లవి కాదూ?" అంది. నా చదువూ, ఉద్యోగమూ చెప్పబోయి మానేశాను.

"ఔనండీ, నేనే" అన్నాను.